చెయ్యెత్తిన స్తంభం

కోతల డ్రైవరు కోతలు కొయ్యడం మానేశాడని తెలిసిన రోజున అతని భార్య నిజంగా భయపడింది. అంతకు ముందు కంటి డాక్టరు చెప్పిన మాటలకు కూడా ఆవిడ అంతగా బెదరలేదు. చూపు నడిమధ్యన మచ్చ పడింది, అంచులు కనిపిస్తాయి కానీ ఎదురుగా ఉన్నది మసకేస్తుంది, ఇక బండి నడపకూడదు అన్నాడు డాక్టరు. కళ్ళు ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు మొరాయించేవే కదా అని ఆవిడ గుండె దిటవు చేసుకుంది. కానీ పెళ్ళయిన నాటినుంచీ రోజుకో అబద్ధం వినందే పొద్దు గడవని మనిషి వరసపెట్టి అచ్చమైన నిజాలు వినాల్సొస్తే ఎలా తట్టుకుంటుంది? "కాఫీ వేడిగా ఉంది" అనేవాడు. తాగి చూస్తే నిజంగానే వేడిగా ఉండేది. "బయట వాన మొదలైనట్టుంది" అనేవాడు. ఆవిడ పరుగున వెళ్ళి తలుపు తీసి చూస్తే, వాన!

"తమ్ముడూ, మీ బావకి ఏదో అయిందిరా" అంది ఆవిడ కళ్ళొత్తుకుంటూ.

ఈ మనిషి మునుపు ఎలాంటివాడో తెలియకపోతే ఆవిడ కంగారు ఎవరికీ అర్థం కాదు. ఎనిమిదో తరగతిలో ఉండగా లెక్కల మేష్టారు ఏదో ప్రశ్న అడిగారట. సరిగ్గా అప్పుడే కిటికీ పక్కనుంచి బస్సు వెళ్ళిందట. జవాబు చెప్పడం మానేసి కిటికీలోంచి దూకి బస్సు వెంట పడ్డాడట. అది అందేసరికి తనకి మీసాలొచ్చేశాయనీ, లైసెన్సు కూడా చేతికొచ్చిందనీ చెప్పేవాడు. చదువు మధ్యలో ఎందుకు ఆపేశావని ఎవరైనా అడిగితే, "నేనాపడమేంటి, దానికి రూటు తెలియక తప్పు బస్సెక్కింది, పాపం కదాని నేనే మధ్య స్టాపులో దించేశాను" అనేవాడు.

ఒకసారి వాన ఎంత గట్టిగా కురిసిందంటే చేపలు ఫుట్‌బోర్డు మీదుగా బస్సులోకి ఎక్కాయట. పెద్ద చేపలు పిల్ల చేపల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాయట. ఇంకోసారి వెనక చక్రం ఊడి చెరువులోకి దొర్లిపోతే, ప్రయాణికులందర్నీ ఎడమవైపు ఒరిగి కూర్చోమని, మిగతా దారంతా ఏటవాలుగా నడుపుకొచ్చాడట. ఇప్పటికీ వాళ్ళలో సగంమంది ఎడమవైపు ఒరిగే నడుస్తారట. ఎవరన్నా నమ్మనట్టు మొహం పెడితే చాలు, "కావాలంటే మా బామ్మర్దిని అడగండి" అనేవాడు.

ఆ బామ్మర్దే ఆ బస్సు కండక్టరు. డ్రైవరు భార్యకు స్వయానా తమ్ముడు. ఆ ఇద్దర్నీ ఒకే బస్సులో వేసిన డిపో మేనేజరు ఎవరో గానీ మహా చమత్కారి అయ్యుండాలి. కండక్టరు అబద్ధం ఆడడు. ఆడడనడం కూడా తక్కువే, ఆడలేడు. టైమెంతని అడిగితే చెప్పి, తన గడియారం కాస్త ముందుంటుందని కూడా చెప్పేరకం. బావ చేపల కథ మొదలుపెట్టగానే అతను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవాడు. అవునని అనలేడు, కాదందామంటే అక్క మొగుడు. జనం చేపలకన్నా అతని మొహం చూసే ఎక్కువ నవ్వేవాళ్ళు.

బస్సులో వాళ్ళకో పద్ధతి ఉండేది. డ్రైవరు వెనక్కి చూడడు. వెనకేముందో చూసేది కండక్టరు. ఒక బెల్లు కొడితే ఆపాలి, రెండు బెల్లులు కొడితే కదలాలి. రెండో బెల్లు పడేదాకా ఆ బస్సు భూకంపం వచ్చినా కదిలేది కాదు. అలాగే దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపకుండా పోయేదీ కాదు, స్టాపున్నా లేకపోయినా సరే. సర్వీసంతటిలో ఒక్క ప్రమాదం లేదు. కోతల డ్రైవరు చెప్పుకున్న గొప్పల్లో నిజమైనది ఇదొక్కటే. ఇదొక్కటి మాత్రం కండక్టరు కిటికీవైపు తిరగకుండా తలూపి ఒప్పుకునేవాడు.

చివరి ట్రిప్పు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మలుపు దాటాక, పొలాల మధ్యన, ఎవరూ ఎక్కని చోట డ్రైవరు బస్సాపాడు. ఆపి కూర్చున్నాడు. కండక్టరు బయటికి తొంగి చూశాడు. అక్కడ మనుషులెవరూ లేరు. అడ్డకమ్మీ ఒకవైపు విరిగి, మిగిలిన కమ్మీ పైకి లేచి ఉన్న పాత కరెంటు స్తంభం నిలబడి ఉంది. "తొందరగా ఎక్కవయ్యా పెద్దమనిషీ!" అని డ్రైవరు ఆ స్తంభాన్ని కేకేశాడు. బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. ఇవాళ్టి కోత ఇదన్నమాట అనుకున్నారు. అది మనిషి కాదని డ్రైవరుకి అప్పటికి అర్థమైంది. ఆయన కూడా నవ్వాడు, అందరికన్నా గట్టిగా. రెండు బెల్లులు పడ్డాక కదిలాడు. మర్నాడు తనే డిపోకెళ్ళి తాళం బల్లమీద పెట్టేసి వచ్చాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది ఆ తర్వాతే.

ఆ నవ్వు తర్వాత ఆయన నోట కథ రాలేదు.

ఇల్లు డిపోకి ఎదురుగానే ఉంది, మధ్యలో రోడ్డొక్కటే అడ్డం. ముందుగదిలో కుర్చీలో కూర్చుంటే గేటులోంచి వచ్చీపోయే బస్సులన్నీ వినిపిస్తాయి. ఏ బస్సుకి సైలెన్సరు చిల్లు పడిందో, దేనికి క్లచ్చు పట్టేస్తోందో కూర్చున్నచోటే చెప్పగలడు. కానీ గడప దాటేవాడు కాదు. తోటి డ్రైవర్లు మధ్యాహ్నం రెస్టు షెడ్డుకి రమ్మని కబురంపితే, తలనొప్పిగా ఉందనేవాడు. నిజంగానే తలనొప్పిగా ఉండేది.

"ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపరా. ఒక్క అబద్ధం ఆడించు, చిన్నదైనా చాలు. ఇలా నిజాలు చెప్పుకుంటూ కూర్చుంటే మనిషి మనకి దక్కడు" అంది అక్క.

అబద్ధాలాడించమని తన దగ్గరికే వచ్చిందేంటా అని కండక్టరుకి దిక్కు తోచలేదు.

అతని బస్సులో రోజూ ఎక్కే ఒకావిడ ఉంది. ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. పుట్టుకనుంచీ చూపు లేదు. చేతికర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని, చెవిలో ఫోను తీగ పెట్టుకుని కూర్చుంటుంది. ఆ వారంలో ఒకరోజు ఆవిడ స్టాపొచ్చినా లేవలేదు.

"ఆపరేటరమ్మా, ఆసుపత్రొచ్చిందండీ."

"ఉండండుండండి. ఇప్పుడు కదిలిస్తే చచ్చిపోతాను. దొంగల కోటలో ఉన్నాను, కాపలావాడు గుమ్మంలోనే ఉన్నాడు" అందావిడ గుసగుసగా.

కండక్టరు గుమ్మంవైపు చూశాడు. కూరగాయల బుట్టతో ఒక ముసలాయన తప్ప అక్కడెవరూ లేరు.

ఆవిడ నవ్వేసి చెప్పింది. అదొక ఆట. బొమ్మలుండవు, ఉన్నవన్నీ మాటలే. ఫోను కథ చదివి వినిపిస్తుంది, ఎక్కడో ఒకచోట ఆగి ఇప్పుడేం చేస్తావని అడుగుతుంది. మనం ఎంచుకున్నదాన్ని బట్టి మిగతా కథ నడుస్తుంది. "కళ్ళున్నవాళ్ళు ఆడే ఆటలు నాకెందుకండీ? ఇందులో అందరం గుడ్డివాళ్ళమే" అంటూ దిగిపోతూ, ఆ ఆటల పేజీ అతని ఫోనులో కూడా పెట్టిచ్చింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి కండక్టరు బావ ఇంటికొచ్చాడు. ఫోను తీసి బల్లమీద పెట్టి నొక్కాడు. అది గుక్క తిప్పుకోకుండా మొదలెట్టింది.

"ఎవడ్రా వాడు, ముక్కుతో మాట్లాడుతున్నాడు? జలుబు చేసినట్టుంది, పంపించెయ్" అన్నాడు బావ.

దాంతో కండక్టరే చదవాల్సొచ్చింది. అతను ఏది చదివినా స్టాపుల పేర్లు పిలిచినట్టే ఉంటుంది. "మీరొక సరుకు బండి తోలుతున్నారు. రాజ్యంలో యుద్ధం మొదలైంది. ఎదురుగా దారి రెండుగా చీలింది. కుడివైపు అడవి. ఎడమవైపు నది. ఎటు వెళ్తారు?" చదివి ఆగాడు.

బావ మిగతాది వినడానికి చెవి ఒగ్గాడు.

"తర్వాతేంటి?" అన్నాడు బావ.

"తర్వాత లేదు బావా. నువ్వు చెప్తే గానీ రాదు."

"ఎవర్నిరా అడుగుతోంది?"

"నిన్నే."

"నన్నా? రూటు రాసుండదా?"

"లేదు. ఎటంటే అటే."

కోతల డ్రైవరు కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఎటు వెళ్తావని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. రూటు డిపో రాసేది, టైము గోడమీద ఉండేది. ఎక్కడ తిరగాలో చేతులకే తెలిసిపోయి, తలకాయ ఖాళీగా ఉండబట్టే కదా కోతలు అంతలా పండింది. ఇప్పుడు ఎవడో ముక్కుమాటలవాడు కుడియా ఎడమా అని మర్యాదగా అడుగుతున్నాడు.

"కుడివైపు పోనీ" అన్నాడు. అనేసి కదలకుండా కూర్చున్నాడు.

"నొక్కాను బావా, కదిలింది."

"బెల్లు పడకుండా ఎలా కదులుతుందిరా?"

కండక్టరు కాఫీ గ్లాసుమీద చెంచాతో రెండుసార్లు కొట్టాడు. అప్పుడు కదిలింది బండి.

ఆ రోజునుంచి మధ్యాహ్నాలు బండి నడిచింది. అంటే, నడవబోయి చచ్చింది. ఎందుకంటే కోతల డ్రైవరుకి పాత అలవాటు పోలేదు. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకునేవాడు. సైనికులెత్తినా ఆపు, సన్యాసి ఎత్తినా ఆపు, గొర్రెలతో సహా గొర్రెలకాపరి ఎత్తినా ఆపు. "బావా, ఓవర్‌లోడు. ఇరుసు కిర్రుమంటోందని రాశారిక్కడ" అని కండక్టరు హెచ్చరించేవాడు. "చెయ్యెత్తినవాణ్ణి వదిలేసి పోతే ఇంక బండెందుకురా? సర్దుకోమను. గొర్రెల్ని ఒళ్ళో పెట్టుకోమను." వంతెన మీద ఇరుసు విరిగేది. "మీరు మరణించారు. మళ్ళీ మొదలుపెడతారా?" అని చదివేవాడు కండక్టరు.

"ఛీ ఛీ! దీపం పెట్టే ఇంట్లో ఏం మాటల్రా అవి!" అని వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది అక్క.

"నేనన్లేదక్కా, ఇందులో ఉంది."

"ఉంటే మాత్రం పైకి చదవాలా?"

చదవకపోతే ఆట కదలదు, మార్చి చదివితే అబద్ధమవుతుంది. చివరికి ఆ వాక్యం వచ్చినప్పుడల్లా కండక్టరు దగ్గడం మొదలుపెట్టాడు. బావకి అర్థమయ్యేది. అక్కకి మాత్రం తమ్ముడికి దగ్గు ముదిరిందని బెంగ పట్టుకుని, మిరియాల కషాయం కాచిచ్చేది. బావ ఎన్నిసార్లు చస్తే అతను అన్ని గ్లాసుల కషాయం తాగాడు.

ఇంత జరుగుతున్నా అక్క అడిగింది మాత్రం ఇంకా దొరకలేదు. బావ ఆడుతున్నాడు, తిడుతున్నాడు, అంతే. సొంతంగా ఒక్క కోత లేదు. కుర్చీలోంచి లేచిందీ లేదు.

ఆ మధ్యాహ్నం బండి మొదటిసారిగా వంతెన దాటింది. గొర్రెలకాపరిని దింపి, గొర్రెల్ని బండి వెనక నడిపించుకు రమ్మన్న దారి ఎంచుకున్నది బావే. అంతా హుషారుగా ఉన్నారు. కండక్టరు తర్వాతి ముక్కమీద కళ్ళు పరిగెత్తించి ఆగిపోయాడు.

"ఏమైందిరా? దగ్గు రావట్లేదే?"

దాటేద్దామనుకున్నాడు. కథ అయిపోయిందని చెబితే సరిపోయేది. నోరు రాలేదు. చదివాడు.

"పొగమంచు. దూరంగా, దారి పక్కన, ఎవరో చెయ్యెత్తి నిలబడినట్టు కనిపిస్తోంది. ఒకటి, బండి ఆపుతారు. రెండు, ఆపకుండా సాగిపోతారు."

కోతల డ్రైవరు కుర్చీ చేతుల్ని స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బయట డిపో గేటులోంచి ఒక బస్సు లోపలికి పోయింది. అదేదో కూడా ఆయన చెప్పలేదు.

"మనిషేనా?" అన్నాడు చివరికి.

"రాయలేదు బావా."

"నీకెలా ఉంది? నువ్వు చూస్తున్నావుగా?"

"నాకూ అంతే కనిపిస్తోంది. కనిపిస్తున్నట్టుంది, అంతే రాశారు."

కుడికాలు బ్రేకు మీద వేసినట్టు నేలకి నొక్కి, "ఆపు" అన్నాడు.

కండక్టరు గ్లాసుమీద ఒక్కసారి కొట్టి, తర్వాతి ముక్క చదివాడు. "అది మనిషి కాదు. ఎండిన చెట్టు మొద్దు. మీరు ఆగిన కాసేపట్లో వెనక వస్తున్న దొంగలు దగ్గరయ్యారు."

ఇదంతా తన చేతుల్తోనే నాశనం చేశానని కండక్టరు లోలోపల తిట్టుకున్నాడు. ఫోను మూసేద్దామనుకుంటుండగా బావ అన్నాడు.

"ఎక్కించుకోమను."

"ఎవర్ని?"

"మొద్దునే."

"ఆ మాట లేదు బావా. రెండే ఉన్నాయి. పరిగెత్తించడం, పొదల్లో దాక్కోవడం."

"అదేం మర్యాదరా? ఆపింతర్వాత ఎక్కించుకోకుండా పోతారా? ఈ రాసినవాడు జన్మలో బస్సెక్కుండడు! మనం ఆ రోజు..." అని ఆగాడు. తర్వాత నెమ్మదిగా, బండిని మొదటి గేరులో వేసినట్టు, "మనం ఆ రోజు స్తంభాన్ని ఎక్కించుకోలేదూ?" అన్నాడు.

కండక్టరు అలవాటుకొద్దీ కిటికీవైపు తిరగబోయి, తిరగలేక ఉండిపోయాడు. వంటింట్లో కుళాయి శబ్దం ఆగిపోయింది.

"ఎక్కిందిరా. తల వంచుకుని ఎక్కింది పాపం, ఎత్తు ఎక్కువ కదా. పట్టక తల వెనక అద్దంలోంచి బయట పెట్టుకుంది. కిటికీ సీటు కావాలంది. ఎన్నాళ్ళనుంచో ఒకేచోట నిలబడి బస్సులు పోవడం చూస్తూనే ఉందట, లోపల్నుంచి చూస్తే దారి ఎలా ఉంటుందో చూడాలంది. తీగలు తెంపుకుని వచ్చేసింది కాబట్టి వెనక ఊళ్ళన్నిటికీ కరెంటు పోయింది. అప్పుడు నువ్వు సంచీ సర్దుకుంటూ దాని దగ్గరికెళ్ళి టికెట్టు అడిగావు." ఇక్కడ ఆగాడు. ఆ ముక్కుమాటలవాడు ఆగినట్టే ఆగి, బామ్మర్దివైపు మొహం తిప్పాడు. సూటిగా చూస్తే కనపడడని తల కాస్త పక్కకి వంచి, కంటి అంచుతో చూస్తూ, "ఏమందిరా అది?" అన్నాడు.

కండక్టరుకి ఎదురుగా రెండే దారులున్నాయి. అలాంటిదేం జరగలేదంటే అది నిజం, బావ మళ్ళీ కుర్చీలోకి వెనక్కి వాలిపోతాడు. రెండో దారిలో అతను పుట్టి బుద్ధెరిగాక అడుగుపెట్టలేదు. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది, తడి చేతులు చీరకి తుడుచుకోవడం కూడా మరిచిపోయి.

చెంచా తీసుకున్నాడు. గ్లాసుమీద రెండుసార్లు కొట్టాడు.

"సగం టికెట్టు చాలంది బావా" అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఒక చెయ్యే ఉంది కదా, సగమే తీసుకుంటానంది."

కోతల డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వుకి రోడ్డవతల డిపోలో నిలబెట్టిన బస్సుల అద్దాలు గలగలలాడాయని తర్వాత అక్క ఇరుగమ్మకి చెప్పింది. మొగుడి గాలి కొంత ఆవిడకీ సోకకుండా ఉంటుందా మరి!

"ఇచ్చావా?" అన్నాడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

"రూల్సు ఒప్పుకోవన్నాను."

"నీ మొహం! అబద్ధంలో కూడా రూల్సేనా?"

ఆ మధ్యాహ్నంతో రాజుగారి యుద్ధం మూలనపడింది. కోతల డ్రైవరు స్తంభం కథే ముందుకు నడిపాడు. కానీ మునుపటిలా గుక్కలో చెప్పి ముగించడం లేదు. ఎక్కడ రసం ఊరుతుందో అక్కడ ఆపి "ఎటు?" అంటాడు. ఇన్నాళ్ళూ కోతలన్నీ తనొక్కడే కోసి, జనాన్ని నవ్వడానికి మాత్రమే వాడుకున్నాడు. వాళ్ళ చేతికి కూడా కొడవలిస్తే ఇంకెంత పంటొస్తుందో ఆ ఆట ఆడాకే తెలిసొచ్చింది. భార్యనడిగితే ఆవిడ స్తంభానికి ఆకలేస్తుందేమో ముందు ఏదన్నా పెట్టమంది. బస్సులో కండక్టరు ఆపరేటరమ్మనడిగితే, "దాన్ని మా ఆసుపత్రికి తీసుకురండి, రెండో చెయ్యి అతికిస్తారు" అంది. మర్నాడు ఎక్కుతూనే, "అతికించారా? అతికించాక మళ్ళీ పొలాల్లో నిలబడ్డానికి పొమ్మన్నారా, లేక బస్సులోనే ఉంచారా?" అని అడిగింది. "మీ బావగారినే అడగాలి. ఎక్కడుంటారాయన?"

"డిపో ఎదురుగానే. కానీ బయటికి రారండీ."

"మరి నేనెలా వినేది? రేపు నాకు సెలవు. మధ్యాహ్నం మీ షెడ్డుకి వస్తాను, ఆయన్ని కూడా రమ్మనండి. స్తంభమే బస్సెక్కొచ్చింది, ఆయన రోడ్డు దాటలేరా?"

ఈ మాటని కండక్టరు ఒక్క అక్షరం మార్చకుండా బావకి అప్పజెప్పాడు. కోతల డ్రైవరు మొహం ఎర్రబడింది.

మర్నాడు మధ్యాహ్నం ఉతికిన చొక్కా వేసుకుని గడప దిగాడు. రోడ్డంచున నిలబడ్డాడు. లారీలూ ఆటోలూ అంచుల్లో కనిపించి నడిమధ్యన మాయమై మళ్ళీ అంచుల్లో తేలుతున్నాయి. వెనక కండక్టరు చెయ్యి పట్టుకోబోయాడు.

"చెయ్యొద్దు. నేను వెనక్కి చూడను. నువ్వు చూడు. ఎప్పుడు కదలాలో అప్పుడు కొట్టు, చాలు."

లంచ్‌బాక్సు మీద తాళంచెవితో ఒక దెబ్బ పడింది. ఆగాడు. ఏదో భారీ బండి గాలి చొక్కాని ఎగరేసుకుంటూ పోయింది. ఇంకాసేపు. తర్వాత వరసగా రెండు దెబ్బలు పడ్డాయి. కోతల డ్రైవరు కుడికాలు ముందుకేశాడు.

షెడ్డులో అన్నాల వేళ. డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులూ బెంచీల నిండా ఉన్నారు. మూలన ఆపరేటరమ్మ చేతికర్ర మడిచి కూర్చుని ఉంది. ఆయన గుమ్మంలో నిలబడగానే ఎవరో, "మావయ్యొచ్చాడ్రోయ్! ఏం మావయ్యా, స్తంభాలకి కూడా బస్సాపుతున్నావంట?" అన్నారు.

ఒక్కసారి అంతా గతుక్కుమన్నారు.

"ఆపడం కాదురా" అన్నాడు కోతల డ్రైవరు, బెంచీ అంచు తడుముకుని కూర్చుంటూ. "ఇప్పుడు ఆ స్తంభం మీ అందరి బస్సులోనూ ఉంది. మీరే డ్రైవర్లు. చెయ్యి అతికింది, ఆసుపత్రి దాటింది. ఎదురుగా రెండు దారులు. ఒకటి దాని పాత చోటుకి పోతుంది, అక్కడ కరెంటు లేక జనం గోల పెడుతున్నారు. రెండోది సముద్రానికి. అది సముద్రం ఎప్పుడూ చూడలేదంట. ఎటు?"

"సముద్రానికి!" అంది ఆపరేటరమ్మ అందరికన్నా ముందు. "జనం సంగతో?" అన్నాడో మెకానిక్కు. అన్నం పక్కనపెట్టి అందరూ ఒకేసారి వాదించుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ నోరు విప్పని కొత్త డ్రైవరు ఒకడు, సముద్రం చూపించి సాయంత్రానికి తిరిగి తెచ్చేస్తే పోలా అన్నాడు. ఆ మూడో దారి కోతల డ్రైవరుకే తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఎదురు చూస్తోంది. "వెళ్ళారా? ఎలా జరిగింది?" అంది.

"ఏం చెప్పమంటావే! గేటుదాకా బ్యాండుమేళంతో ఎదురొచ్చారు. బస్సులన్నీ ఒక్కసారే హారన్ కొట్టాయి. ఇప్పటికీ ఆ బ్యాండువాళ్ళు నన్నొదలక వీధి చివరిదాకా వచ్చేశారు, కావాలంటే వెళ్ళి చూడు."

ఆవిడ తలుపు తీసి చూడలేదు. "అంతమందికి కాఫీ ఎక్కణ్ణుంచి తేనండీ?" అంటూ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.